వయోజనుల రాత్రిబడి – కట్టుబాట్లు



బాలునకు బెత్తము చూపి పాఠము చెప్పినవారు కలరు. తాను తండ్రియై, ఇల్లు నడుపుచున్నవానికి బెత్తము చూపుట ఎట్లు? రాత్రిబడి ఉపాధ్యాయునకు మొదట ఎదురగు చిక్కు ఇదియే. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమమును, 1988 మే 5న జాతీయ సాక్షరతా మిషనును ఆరంభించినపుడు 15 మొదలు 35 ఏండ్లవారికి చదువు నేర్పవలెనని తలపెట్టిరి. పలకలు పంచుట సులభము. సిగ్గుపడి లేచిపోయినవానిని మరల రప్పించుట సులభము కాదు.

హైదరాబాదు పాతబస్తీ సంగతి చూడుడు. చార్మినారు ప్రక్కనున్న లాడ్ బజారులో లక్కగాజులు చేయువారు నిప్పుల సెగపై లక్కను మెత్తపరచి, చుట్టి, వేడి ఆరకమునుపే రాళ్లు పొదుగవలెను. గంట కొట్టినారని చేతిలోని పనిని విడిచి వచ్చుటకు వీలుండదు. రంజాను చివరి దినములలో ఆ బజారు రాత్రులు మేలుకొనియే యుండును. పల్లెలో కోతల రోజులు ఎట్టివో అచ్చట అవి అట్టివి. అట్టిచోట "ఆలస్యముగా వచ్చువారికి ప్రవేశము లేదు" అని గోడపై వ్రాసినచో గోడ యొక్కటే మిగులును. బడివేళ ఏదో చదువుకొనువారినే నిర్ణయింపనీయవలెను. తాము పెట్టుకొన్న వేళను మీరినవానిని తోటివారే అడుగుదురు.

ఉర్దూ మాత్రమే నేర్చినవాడు తెలుగు వాచకమును చివరి పుటనుండి తెరచుట కలదు. ఉర్దూ లిపి కుడినుండి ఎడమకు సాగును గదా! అది అజ్ఞానము కాదు, అలవాటు. ప్రక్కవాడు పకపక నవ్వెనా, ఆ పెద్దమనిషి మరునాడు రాడు. కావున వేళను ఎంత సడలించినను పరిహాసమును మాత్రము సహింపరాదు. నవ్వినవానిని నలుగురిలో మందలించుట మరియొక అవమానము. తరగతి ముగిసిన పిమ్మట వేరుగా పిలిచి చెప్పవలెను. మరల చేసినచో కొన్నాళ్లు రావలదనుటకు వెనుదీయరాదు. ఇది కఠినమే. కాని వానికొకనికై పదిమంది పోవుట అంతకన్న కఠినము.

బ్రెజిలు దేశమున ఆంజికోస్ అను ఊరిలో 1963లో పావులో ఫ్రెయిరే సుమారు 300 మంది శ్రామికులకు 40 గంటలలో చదువ నేర్పు ప్రయత్నము చేసెను. వారి నిత్యజీవితపు మాటలే వారి పాఠములు. తన పనిముట్టు పేరు పలకపై కనబడినపుడు అల్లరికి తీరిక యెక్కడిది?

తైత్తిరీయోపనిషత్తులోని శాంతిపాఠమున, తమలో ద్వేషము పుట్టరాదని గురుశిష్యులిరువురును కలిసి కోరుకొందురు. శిష్యుని మాత్రమే కట్టివేయు నియమము కాదది. "ఆప్" అను మర్యాద వాడుకగల ఊరిలో ఉపాధ్యాయుడు తనకన్న పెద్దవానిని ఏకవచనమున పిలువనేరాదు. అతడు రాలేని దినమున ముందుగా కబురు పంపవలెను. పంపనిచో మరునాడు తరగతిలో అందరికన్న ముందు అతడే సంజాయిషీ చెప్పవలెను.