పెరటి గులాబీల ఛాయాచిత్రములు



కేంద్ర ప్రభుత్వోద్యోగికి బదిలీ క్రొత్త కాదు. ఉత్తరువు వచ్చిన పిమ్మట మంచములు, బీరువాలు, వంటపాత్రలు లారీ కెక్కును. పిల్లల టి.సి.లు సంచిలో చేరును. పొరుగువారి వీడ్కోలు విందులు ముగియును. కాని క్వార్టర్సు పెరటిలో నాటిన గులాబి మొక్క మాత్రము లారీ కెక్కదు. మొదటి యేడు నాటి, రెండవ యేడు పెంచి, మూడవ యేడు అది నిండుగా పూచు వేళకు, నాటినవారు వేఱొక యూరికి పోవు రైలులో నుందురు. ఈ బాధ నెఱిగిన కొందఱు మొక్కలు నాటుటయే మానివేయుదురు. “మనది కాని నేల, ఎన్నాళ్లుందుము గనుక?” అందురు.

తోటను వెంట గొనిపోవుటకు ఉపాయ మొకటి కలదు. అది ఛాయాచిత్రము. అయితే పువ్వును ఫోటో తీయుట వేఱు, తోటను ఫోటోలలో నిలుపుట వేఱు. మొదటిది క్షణకాలపు వినోదము. రెండవది ఏండ్ల తరబడి సాగు వ్యాపకము. నేటి ప్రసంగము ఈ రెండవ దానిని గూర్చినది.

సూరతునకును గులాబికిని గల సంబంధము పేరులోనే యున్నది. పారసీకమున ‘గుల్’ అనగా పువ్వు, ‘ఆబ్’ అనగా నీరు. గులాబ్ అను మాట మొదట పన్నీటికి చెల్లి, పిదప పువ్వునకే పేరయ్యెను. మొగలాయీల కాలమున మక్కాయాత్రికులు ఓడలెక్కిన రేవు సూరతు. పారసీకపు మాటలు వ్యాపారముతోడను, దర్బారుతోడను ఈ దేశమునందంతటను వ్యాపించినవి. గుజరాతీవారు గులాబ్ అన్నను, తెలుగువారు గులాబి అన్నను మూలమొక్కటియే. తెలంగాణము నుండి వచ్చి లింబాయత్ ప్రాంతమున మగ్గములు నడుపుకొనుచు స్థిరపడిన పద్మశాలి కుటుంబముల పిల్లలకొఱకు ఈ నగరపాలక సంస్థ తెలుగు బడులను నడపినది. ఆ పిల్లలకు ఇంటను బడిలోను, అంగడిలోను మార్పు లేక వినవచ్చు కొలది మాటలలో గులాబి యొకటి.

ఇచ్చటి నేల నల్లరేగడి. జూన్ నుండి సెప్టెంబరు వఱకు కురియు వానలకు ఆ నేలలో నీరు నిలిచి గులాబి వేళ్లు కుళ్లును. కావున మడిని ఎత్తుగా కట్టి, ఇసుకయు, పశువుల ఎరువును కలిపి నాటుట మేలు. మేడమీద నుండువారికి కుండీలే శరణ్యము. వానలు వెనుకబట్టిన తరువాత అక్టోబరులో కొమ్మలు కత్తిరించినచో, సుమారు నలుబదియైదు దినములకు పూత వచ్చును. నవంబరు చివర నుండి ఫిబ్రవరి వఱకు సూరతు గులాబీలకు మంచి కాలము. ఛాయాగ్రాహకునకును అదియే మంచి కాలము. శీతకాలపు ప్రొద్దు నెమ్మదిగా నెక్కును, వెలుగు మెత్తగా నుండును.

అయితే వెలుగు ఎంత చక్కనిదైనను ఎఱ్ఱగులాబి కెమెరాకు సులభముగా లొంగదు. ఈ కలహము ఛాయాగ్రహణ మంత పురాతనమైనది. తొలినాటి పలకలు నీలపు వెలుగును గ్రహించెను గాని ఎఱుపును గ్రహింపజాలకపోయెను. అందువలన ఆనాటి చిత్రములలో ఆకసము తెల్లగాను, ఎఱ్ఱగులాబి బొగ్గుముద్దవలె నల్లగాను పడెడిది. 1873లో జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఫోగెల్ పలకకు రంగులు కలిపిన యెడల ఇతర వర్ణముల వెలుగును కూడ గ్రహించునని కనుగొనెను. 1907లో ఫ్రాన్సు దేశమున లూమియేర్ సోదరులు బంగాళాదుంపల పిండిరేణువులకు నారింజ, ఆకుపచ్చ, ఊదా రంగులద్ది గాజు పలకపై పఱచి, సహజ వర్ణముల చిత్రములను అంగడికి తెచ్చిరి. గులాబి రంగు గులాబి రంగుగా సామాన్యుని ఫోటోలో నిలుచుటకు అంత దీర్ఘకాలము పట్టెను.

నేటి సెల్‌ఫోనులలో చిక్కు తిరగబడినది. నాడు కెమెరాకు ఎఱుపు చాలలేదు, నేడు అది పొంగి పొరలుచున్నది. 1976లో కోడక్ సంస్థ శాస్త్రజ్ఞుడు బ్రైస్ బేయర్ పేటెంటు పొందిన పద్ధతి ప్రకారము, కెమెరా లోపలి పలకపై ప్రతి నాలుగు బిందువులలో రెండు ఆకుపచ్చను, ఒకటి ఎఱుపును, ఒకటి నీలమును గ్రహించును. ఎండలోని ఎఱ్ఱగులాబి యెదుట ఎఱుపు బిందువులు మిగిలినవానికంటె ముందే నిండిపోవును. నిండిన కుండలో ఎంత పోసినను నిలువదు గదా! రేకుల మడతలు, ఈనెలు, నీడలు అన్నియు నొకే ఎఱ్ఱని మచ్చలో కలసిపోవును. కెమెరా మొత్తము దృశ్యమునకు సరాసరి వెలుగును లెక్కించుటచేత ఈ నష్టమును గమనింపదు.

దీనికి చికిత్స సులభము. ఫోను తెరపై పువ్వును వ్రేలితో తాకి, వెలుగు గుర్తును క్రిందికి జరిపి, ఒకటి రెండు మెట్లు తగ్గింపవలెను. తెరపై చిత్రము కొంత చీకటిగా కనబడినను భయపడరాదు. చీకటిని తరువాత దిద్దవచ్చును, కాని పోయిన మడతను తిరిగి తేజాలము. తెల్లగులాబికి న్యాయము వేఱు. అది చట్రము నిండ నున్నచో కెమెరా దానిని బూడిదవన్నెకు దించును, కావున వెలుగు పెంపవలెను. చుట్టును నల్లని ఆకు లుండినచో తెలుపు కాలిపోవును, కావున తగ్గింపవలెను. పసుపు, లేతగులాబి వన్నెలు ఈ రెంటికి నడుమ నుండును.

మిగిలిన సామగ్రికై వెచ్చింపవలసినది స్వల్పము. సూరతు రింగురోడ్డు బట్టల బజారులో ఒక మీటరు పలుచని తెల్లని గుడ్డ దొరకుట కష్టము కాదు. దానిని పువ్వునకు సూర్యునకు నడుమ ఇద్దఱు పట్టుకొన్నచో ఎండ వడబోసినట్లు మెత్తబడును. నీడవైపున ఒక తెల్లని అట్టను నిలిపినచో క్రింది రేకులకు వెలుగు చేరును. పువ్వు వెనుక గోడయు, పైపులును, ఆరవేసిన బట్టలును పడకుండ ఒక ముదురు రంగు గుడ్డను దూరముగా కట్టవచ్చును. ఫోనును పువ్వునకు మఱీ చేరువగా తీసికొనిపోయినచో ముందరి రేకు ఉబ్బి, ఆకారము చెడును. ఒక యడుగు వెనుకకు జరిగి, రెండింతల కటకముతో తీయుట మంచిది.

గాలి మఱొక శత్రువు. ఉత్తరాయణపు పండుగ నాడు, జనవరి 14న, సూరతు మేడలన్నియు గాలిపటములతో నిండును. ఊరందఱు గాలికై కోరుచుండ, గులాబి ఛాయాగ్రాహకు డొక్కడే గాలి వలదని కోరును! అట్టివాడు ప్రొద్దు పొడిచిన గంటలోపల, గాలి లేవకముందే పని ముగించుకొని, కుండీలను మాంజా దారమునకు అందని మూలకు చేర్చుకొనుట వివేకము.

ఇంతవఱకు చెప్పినది చేతిపని. ఈ వ్యాపకము యొక్క అసలు ఫలము కంటికి కలుగు శిక్షణ. చాలమంది గులాబిని ముందునుండియే చూతురు. కెమెరాను వెనుకకు త్రిప్పి, పువ్వు క్రింది ఐదు రక్షక పత్రములను తీసి చూడవలెను. పలు గులాబీలలో వానిలో రెంటికి ఇరువైపుల అంచుల యందును కుచ్చులవంటి గడ్డము లుండును. రెంటికి ఏ వైపునను ఉండవు. ఒక దానికి ఒకవైపుననే యుండును. మొగ్గలో నొకదానిపై నొకటి మడిచికొనినప్పుడు, వెలుపల నున్న అంచునకు మాత్రమే గడ్డము పెరుగుట దీనికి కారణము. ఐదుగురు అన్నదమ్ముల పొడుపుకథగా ఐరోపావారు దీనిని చెప్పుకొందురు. పది సంవత్సరములు గులాబీలు పెంచినవారు కూడ దీనిని గమనించి యుండకపోవచ్చును. ఫోటోను పెద్దది చేసి చూచినవారు మఱవరు.

అట్లే ఆకు అడుగు భాగమును తీసినచో, సన్నని సాలీడు గూళ్లవలె అల్లుకొన్న నల్లి కనబడును. రేకుల అంచులు గోధుమరంగునకు తిరిగినచో తామర పురుగు వచ్చినదని తెలియును. ఆకులపై అంచులు చెదరిన నల్లని మచ్చలు తెగులునకు గుర్తు. వారమున కొకసారి ఒకే మొక్కను, ఒకే చోట నిలిచి తీసినచో, రోగ మెప్పుడు మొదలైనదో, మందు పని చేసినదో లేదో ఫోటోలే సాక్ష్యము చెప్పును. అందుచేత అందమైన పువ్వునే కాక పురుగు కొట్టిన పువ్వును కూడ తీయవలెను. గ్లిసరిను కలిపిన నీరు చల్లి మంచుబిందువులను కల్పించుట పోటీల చిత్రములలో పాత కిటుకు. వేడుకకు అది తప్పు కాదు. కాని తోట చరిత్రలో లేని మంచును చూపరాదు.

ప్రభుత్వ సేవ చేయుచునే గులాబి విద్యకు మేలు చేసినవారు మన దేశమున కలరు. గోధుమ వంగడముల శాస్త్రజ్ఞుడుగా ప్రసిద్ధి కెక్కి, 1965లో భారత వ్యవసాయ పరిశోధనా మండలికి తొలి డైరెక్టర్ జనరల్ అయిన డాక్టర్ బెంజమిన్ పియరీ పాల్ అనేక గులాబి రకములను సృష్టించెను. ‘డాక్టర్ హోమీ భాభా’ అను తెల్లగులాబి అందులో నొకటి. భారతదేశపు గులాబీలపై ఆయన గ్రంథము 1966లో వెలువడెను. ఆంధ్రప్రదేశ్ విభాగమునకు చెందిన ఐ.ఎ.ఎస్. అధికారి ఎం. ఎస్. వీరరాఘవన్ ఉద్యోగమును గడువునకు ముందే విడిచి కొడైకెనాలులో స్థిరపడి, భార్య గిరిజతో కలసి, మన యడవి గులాబులతో సంకరము చేసి, వెచ్చని ప్రాంతములకు తగిన రకములను రూపొందించెను. వృక్షశాస్త్రజ్ఞురాలు ఇ. కె. జానకి అమ్మాళ్ పేర వారు పెట్టిన పసుపు గులాబి యొకటి కలదు.

ఇట్టి కృషి నిలుచుట పేరులపై నాధారపడి యుండును. నర్సరీ వారు కట్టిన చీటీ రెండు వానలకు తెల్లబోవును. పేరు పోయిన మొక్క “ఎఱ్ఱది”, “పచ్చది” అని మాత్రమే మిగులును. దానిని సృష్టించినవాని శ్రమయు ఆ చీటీతోనే కొట్టుకొనిపోవును. కావున మొక్క ఇల్లు చేరిన నాడు తీయవలసిన మొదటి ఫోటో పువ్వుది కాదు, చీటీది. తరువాత మొగ్గ, సగము విచ్చిన పువ్వు, పూర్తిగా విచ్చినది, వెనుక భాగము, ఆకు, ముల్లు, మొక్క మొత్తము — ఈ ఏడును తీసి, తేదీతోను, పేరుతోను ఒకచోట భద్రపఱచినచో ఆ మొక్కకు సర్వీసు రిజిస్టరు సిద్ధమగును. ఆఫీసులో ప్రతి ఉద్యోగికిని ఉండు పుస్తకము పెరటి గులాబికి మాత్ర మేల యుండరాదు?

ఫోనులో వేలకొలది చిత్రముల నడుమ పడియున్న ఫోటో ఉన్నను లేనట్టిదే. సంవత్సరమున కొకసారి ఉత్తమమైనవి పండ్రెండు ఏరి, అచ్చు వేయించి, వెనుక పేరును, నాటిన తేదీని, కత్తిరించిన మాసమును వ్రాయవలెను. అందులో ఒక ప్రతి తమకు. ఇంకొక ప్రతి, బదిలీ నాడు, ఇంటి తాళపు చెవులతో పాటు ఆ క్వార్టర్సునకు వచ్చు తరువాతి కుటుంబమునకు.

ఈ రెండవ ప్రతియే ముఖ్యమైనది. క్రొత్తగా వచ్చిన ఇల్లాలు అక్టోబరులో ఆ పెరటిని చూచినచో ఆమెకు కనబడునది ముండ్లకంప. పీకివేయుటకు ఆమె చేయి సాచును. అదే కంప జనవరిలో ఎట్లుండునో చూపు ఫోటో ఆమె చేతిలో నున్నచో ఆ చేయి ఆగును. కత్తెర తీసికొనును, నీరు పోయును. మూడేండ్ల తరువాత ఆమెయు మఱికొన్ని చిత్రములను చేర్చి వేఱొకరి కందించును. మనుషులు మారినను తోట బ్రదుకును.

మన మెన్నాళ్లుందుము గనుక అని మొక్క నాటుట మానినవారికి ఇదియే సమాధానము. నేల సర్కారుది, పువ్వు ఋతువుది. చూచిన చూపు మాత్రము చూచినవారిది. దానిని పేరుతోను, తేదీతోను తరువాతివారి కందించుట ఉద్యోగి ఇచ్చు చార్జీలలో కెల్ల మధురమైనది. రానున్న శీతకాలమున సూరతు తెలుగు కుటుంబములలో కొన్నియైనను ఈ పనికి పూనుకొని, ప్రతి పెరటి గులాబికిని ఒక సర్వీసు రిజిస్టరును తెఱచుగాక!