నమ్మకమైన గృహనిర్వాహకుడు
(సంఘ పురుషుల కూటంలో చేసిన ప్రసంగ పాఠము)



తమ వృత్తి ద్వారా సాక్ష్యమిచ్చిన పాత తరం వారిని గూర్చి ఒక్కొక్కరం మాట్లాడాలని సంఘ పెద్దలు నిర్ణయించారు. నేను మా నాన్నగారిని గూర్చి చెబుతాను. ఆయన బోధకులు కారు, కీర్తనలు కట్టినవారూ కారు. మిరప, పత్తి పండే మన నల్లరేగడి నేలలోని చిన్న ఊళ్లలో ముప్పయ్యేళ్లకు పైగా బ్యాంకు ఉద్యోగం చేశారు. బ్రాంచి అధికారిని మేనేజరని పిలిచే రోజులు వచ్చిన తర్వాత కూడా రైతులు ఆయనను ‘ఏజెంటుగారు’ అనే పిలిచేవారు.

మన బైబిలులో ‘గృహనిర్వాహకుడు’ అనే మాట ఉన్నది. పరుల ఆస్తిని కనిపెట్టుకొని ఉండేవాడికి ఆ పేరు. ఆ మాటలోనే ఇల్లు ఉన్నది గనుక, ఇల్లు నడపడం, బ్యాంకు నడపడం వేరు వేరు పనులు కావని నాన్నగారు నమ్మేవారు. ఆ నమ్మకాన్ని గూర్చే నేను నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఆయన 1961లో ఆంధ్రా బ్యాంకులో గుమాస్తాగా చేరారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, బందరులో వైద్యం చేసిన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో లక్ష రూపాయల మూలధనంతో స్థాపించిన బ్యాంకు అది. నాన్నగారు చేరేనాటికి జనం బ్యాంకులో డబ్బు దాచడానికి జంకుతున్నారు. అంతకు ముందు ఏడాదే కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడింది. 1962లో డిపాజిట్లకు ప్రభుత్వం ఇన్సూరెన్సు కల్పించింది గాని, అది మొదట 1500 రూపాయల వరకే. “ఆ పైదానికి మన ముఖమే పూచీ” అనేవారు నాన్నగారు.

ఆ ముఖాన్ని ఆయన జాగ్రత్తగా కాపాడుకున్నారు. కల్లాల్లో మిరపకాయలు ఎండే రోజుల్లో ఎవరైనా అభిమానంతో ఒక బుట్టెడు కాయలు మా అరుగు మీద పెట్టి వెళితే, సాయంత్రానికి ఆ బుట్ట తిరిగి వారింటికి చేరేది. మిరప దేశంలో ఉండి మేము ఏటా కారానికి కాయలు కొనుక్కునే తిన్నాం. ఎవరి ఖాతాలో ఎంత ఉన్నదో, ఎవరు నగలు కుదువపెట్టారో మా అమ్మగారికి సైతం చెప్పేవారు కారు. అయితే మా ఇంటి లెక్కల పుస్తకం మాత్రం బల్లమీద తెరచి ఉండేది. అమ్మ జీతం, ఆయన జీతం, మా ఫీజులు, దశమభాగం అన్నీ అందులో ఉండేవి. పిల్లలమైన మేము కూడా చూడవచ్చు, అడగవచ్చు.

బ్యాంకు స్ట్రాంగ్ రూము రెండు తాళంచెవులుంటేగాని తెరుచుకోదు. ఒకటి ఒకరి దగ్గర, రెండోది మరొకరి దగ్గర ఉంటాయి. కోశాధికారిగా ఉన్నప్పుడు ఆయన మన గుడి కానుకలకూ అదే పద్ధతి పెట్టారు. ఇద్దరు కలిసి లెక్కించాలి, ఇద్దరూ సంతకం చేయాలి. ఒక పెద్దాయన నొచ్చుకుంటే, “అయ్యా, తమరిమీద అనుమానం కాదు. ఒంటరివాడికి శోధన ఎక్కువ, అందుకని” అన్నారట.

ఆయనకు అసలైన పరీక్ష 1987-88లో వచ్చింది. ఆ ఏడు పత్తిని తెల్లదోమ తినివేసింది. మందు మీద మందు కొట్టినా ఆగలేదు. గుంటూరు, ప్రకాశం జిల్లాలలో అప్పులు తీర్చలేక రైతులు ప్రాణాలు తీసుకున్నారు. నాన్నగారి ఖాతాదారులలో కూడా ఒకరు అలా పోయారు. వసూలు నాన్నగారి విధి. ఇచ్చిన సొమ్మేమో కూలీలు, పంతుళ్లు, విధవరాండ్రు దాచుకున్నది. దాన్ని వదిలివేసే హక్కు ఆయనకు లేదు. ఆయన ఆ ఇంటికి నడిచి వెళ్లారు. “బాబుగారూ, గిత్తలను తోలుకుపోతారా?” అని ఆ తల్లి అడిగింది. “లేదమ్మా, కాగితం రాయించుకుపోవడానికి వచ్చాను” అని చెప్పి, ఏడాది పంట రుణాన్ని కొన్నేళ్ల వాయిదాల రుణంగా మార్చే దరఖాస్తును అక్కడే కూర్చుని రాశారు. పంట పోయినప్పుడు అలా మార్చే వీలు బ్యాంకు నిబంధనలలోనే ఉన్నది. అది రైతుకు తెలియదు, తెలిసినవాడు వెళ్లి చెప్పాలి. ఆ నెలంతా రాత్రి భోజనం తర్వాత మా ఇంటి వసారాలో ఆ దరఖాస్తులే రాశారు. అమ్మ లాంతరు పట్టుకునేది, మా అన్నయ్య సర్వే నెంబర్లు చదివేవాడు.

1990లో పదివేల రూపాయల వరకు రుణమాఫీ వచ్చింది. అందరూ సంతోషించారు. నాన్నగారు మాత్రం, “షావుకారు బాకీకి, పురుగుమందుల కొట్టు అరువుకు మాఫీ ఎవరిస్తారు?” అన్నారు. ఆ సంవత్సరం నుంచి ఆదివారం ఆరాధన తర్వాత చెట్టు కింద కూర్చుని, ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేయబోయే ముందు వడ్డీ లెక్క ఎలా చూసుకోవాలో కూలీలకు, కౌలుదారులకు నేర్పారు. ఇక్కడున్న వారిలో కొందరు ఆ చెట్టు కిందనే కూర్చున్నారు.

1980లో జాతీయమైన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆ పేరిప్పుడు బోర్డుమీద లేదు. ఆయన రాసిన లెడ్జర్లు ఏమయ్యాయో ఎవరు చెప్పగలరు? ఆయన రాసిన వాయిదాలు తీర్చుకుని భూమి నిలుపుకున్న కుటుంబాలు మాత్రం ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నాయి. ఆ తల్లి మనవరాలు నేడు మన ఊరి పాఠశాలలో పంతులమ్మ.

నా మనవి ఒక్కటే. మన యువకులు నేడు బ్యాంకులలో, సొసైటీలలో, సంఘ కమిటీలలో బాధ్యతలు వహిస్తున్నారు. మీ చేతికి వచ్చే ప్రతి కాగితం వెనుక ఒక ఇల్లు ఉన్నదని మరువకండి. అట్టి గృహనిర్వాహకులను ప్రభువు మన సంఘానికి ఇంకను దయచేయును గాక.