అడవి దారిలో వంట: ఏ పొయ్యి మేలు?
(గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠము)



శివరాత్రి, ఉగాది పండుగలు వచ్చినంతనే నల్లమల దారులు యాత్రికులతో నిండిపోవును. కర్ణాటకమునుండియు, రాయలసీమనుండియు వేలాది భక్తులు వెంకటాపురము, నాగలూటి, పెచ్చెరువు మీదుగా కాలినడకన శ్రీశైలము చేరుదురు. ఇటీవల కాలములో గుడారములు వేసికొని అడవి అంచున ఒకటి రెండు రోజులు గడుపు కుటుంబములును ఎక్కువైనవి. వీరందరికిని కలుగు ప్రశ్న ఒక్కటే: దారిలో వండుకొనుటకు ఏ పొయ్యి వెంట తీసికొని పోవలెను? ఈ దినమున దానినిగురించి మీతో నాలుగు మాటలు చెప్పదలచినాము.

శిశిరములో నల్లమల చెట్లు ఆకు రాల్చును. నేలపై మోకాటిలోతు కాకున్నను, అడుగు మోపినచో గలగలమను ఎండుటాకు పరచుకొని యుండును. గడ్డి ఎండిపోవును. సరిగా ఆ సమయముననే యాత్రలు వచ్చును. ఒక్క నిప్పురవ్వ పడిన చాలును. గాలి తోడైనచో మంట కొండ ఎక్కును. అందులో మాడిపోవునవి పెద్ద చెట్లకంటె ముందు లేత మొలకలు, వెదురు పిలకలు, నేలమీద గుడ్లు పెట్టు అడవికోళ్ల గూళ్లు, మన పశువుల మేత. నిప్పు పెట్టినవారు ఊరు చేరుదురు. నష్టము మాత్రము అడవి అంచున నివసించు మనవారిదే.

అందుచేతనే చట్టము కఠినముగ నున్నది. అభయారణ్యమునకు ప్రమాదము కలుగునట్లు నిప్పు రాజేయుటయు, రాజేసిన నిప్పును వదలిపోవుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము నిషేధించినది. శ్రీశైలపు కాలిబాట పులుల అభయారణ్యములోనిది. కావున పొయ్యిని ఎంచుకొనుటకు ముందు అటవీశాఖవారి తనిఖీ కేంద్రములో ఒక మాట అడుగవలెను: “ఇచ్చట వండవచ్చునా? ఎచ్చట వండవచ్చును?” వలదన్నచోట ఏ పొయ్యియు మంచిది కాదు. ఖరీదైన పొయ్యి కొన్నంత మాత్రమున అనుమతి లభించినట్లు కాదు.

అనుమతి గలచోట ఏది మేలు? మూడు రాళ్ల పొయ్యి అన్నిటికంటె ప్రమాదకరమైనది. దాని మంట గాలికి అటునిటు ఊగును, రవ్వలు ఎగురును. మాంసము, మొక్కజొన్న కండెలు కాల్చుకొనుటకు పట్టణవాసులు బార్బెక్యూ అను ఇనుప చువ్వల పొయ్యిని తెచ్చుచున్నారు. అందు బొగ్గులు వాడుదురు. మంట కనబడదు గనుక భయము లేదని తలచుట పొరపాటు. బూడిద కప్పిన బొగ్గు గంటల తరబడి ఎర్రగనే యుండును. భోజనములు ముగించి ఆ బూడిదను పొదలలో కుమ్మరించి పోయినచో, అర్ధరాత్రి గాలి వచ్చినప్పుడు అది మరల రాజుకొనును. కిరసనాయిలు స్టవ్వు వీనికంటె మేలు. కాని ఒలికినచో నేలయే అంటుకొనును. గ్యాసు పొయ్యికి ఒక గొప్ప గుణమున్నది: మీట త్రిప్పిన తక్షణమే మంట ఆరిపోవును, వెనుక నిప్పు మిగులదు.

ఈ భేదమును విదేశములును గుర్తించినవి. అడవి మంటలవలన ఎన్నో కష్టములనుభవించిన ప్రాంతము ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రము. 2009 ఫిబ్రవరి 7న అచ్చట చెలరేగిన మంటలలో 173 మంది మరణించిరి. ప్రమాదము మిక్కుటముగ నున్న దినములలో అచ్చట సంపూర్ణ అగ్ని నిషేధము ప్రకటింతురు. ఆ దినమున ఆరుబయట కట్టెలతో గాని, బొగ్గులతో గాని వండరాదు. గ్యాసు, విద్యుత్తు బార్బెక్యూలకు మాత్రము వెసులుబాటు గలదు. దానికిని నియమములున్నవి: చుట్టును 3 మీటర్ల మేర మండు వస్తువేదియు ఉండరాదు, నీటి గొట్టమో, కనీసము 10 లీటర్ల నీరో చేరువలో నుండవలెను, మంట ఉన్నంతసేపు పెద్దవారొకరు దగ్గరనే యుండవలెను. ఈ మూడు నియమములు మనకును శిరోధార్యములే.

గ్యాసు పొయ్యి కొనునప్పుడు కాళ్లు వెడల్పుగ నుండి, గిన్నె పెట్టినను కదలని దానిని ఎంచుకొనుడు. గాలికి అడ్డుగా రేకు తొడుగు ఉన్నది మంచిది. 5 కిలోల చిన్న సిలిండరు ఒక కుటుంబమునకు చాలును. గొట్టము, అతుకుల వద్ద సబ్బునీరు పూసి చూడుడు. బుడగలు వచ్చినచో గ్యాసు కారుచున్నదని తెలిసికొనుడు. వంటగ్యాసు గాలికంటె బరువైనది, గుంటలలో పేరుకొనును. కావున పల్లములో పొయ్యి పెట్టరాదు. సిలిండరును రైలులో తీసికొని పోరాదు. ఇక బొగ్గుల కుంపటినిగాని, గ్యాసు పొయ్యినిగాని చలికని గుడారములోనికి చేర్చరాదు. మూసిన చోట పుట్టు కార్బన్ మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును.

అనుమతించిన చోట బొగ్గులే వాడవలసి వచ్చినచో, వానిపై మట్టి కప్పి పోవుట చాలదు. నీరు పోయుడు, కర్రతో కలుపుడు, మరల నీరు పోయుడు. చేతి వెనుకభాగమును దగ్గరగా పెట్టి చూడుడు; వేడి తగిలినంతవరకు అచ్చటనుండి కదలరాదు.

అన్నిటికంటె మేలైన పొయ్యి ఇంటనున్న పొయ్యియే! మన పెద్దలకు ఈ సంగతి తెలియనిది కాదు. ఎండబెట్టిన జొన్నరొట్టెలు, పల్లీకారము, అటుకులు, పేలపిండి, బెల్లము మూటకట్టుకొని వారు దూరయాత్రలు చేసిరి. పులిహోర ఒక పూట నిలుచును. రెండవ పూటకు దారిలో దాతలు నడుపు అన్నదానములున్నవి. మూట తేలిక, నడక తేలిక, అడవికి భయము లేదు.

ఈ సంవత్సరము యాత్రకు బయలుదేరు ప్రతి బృందమునకును ఊరి పెద్దలు ఈ సంగతులు చెప్పి పంపవలెనని కోరుచున్నాము. మల్లన్న దర్శనమునకు పోవు దారిలో మల్లన్న అడవిని కాపాడుటయు భక్తిలో భాగమే.