తెరపై కానరాని గోదావరి
(సారపాక పఠనాలయమున మేము చేసిన ప్రసంగపు పాఠము)



పత్రికలు చదువుకొనుటకు వచ్చువారి యెదుట సినిమా సంగతి యెందుకని సభ మొదలుగాకముందే ఒక పెద్దమనిషి మమ్ము అడిగిరి. 2022 మార్చి 25వ తేదీన వెలువడిన ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రమును చూడనివా రిచట నెవరైన గలరా యని అడిగితిమి. ఒక్క చేయియు లేవలేదు. అడిగిన పెద్దమనిషియు రెండుమార్లు చూచినారట! కాని చూచినవారిలో ఏ యిద్దరి అభిప్రాయమును ఒక్కటిగా లేదు. చిత్రము మంచిదా చెడ్డదా యని తీర్పు చెప్పుటకు మేము రాలేదు. చూచినవా రెచట నవ్విరి, ఎచట అలిగిరి, ఎచట అలుగవలసియుండియు ఊరకుండిరి అనునదే నేటి మా ప్రసంగ విషయము.

కథ మీరెరిగినదే. ఆదిలాబాదు అడవిలో పాటపాడిన గోండు బాలికను ఒక దొరసాని ముచ్చటపడి ఢిల్లీకి గొనిపోవును. తల్లి బండి వెంట పరుగెత్తగా సిపాయి తుపాకి గురిపెట్టును. గవర్నరు స్కాటు దొర వానిని వారించి, సీమలో తయారై సముద్రము దాటివచ్చిన తూటా వెల యెంతయో లెక్క చెప్పి, అంతటి సొమ్మును ఈ చెత్తపై పోగొట్టరాదనును. సిపాయి దుంగ యెత్తును. భద్రాచలములో మేము చూచిన ఆటలో ఈ ఘట్టమున ముందు వరుసలనుండి ఒక నవ్వు పుట్టినది, పుట్టినంతలోనే అణగిపోయినది. నవ్వినవాడు తన నవ్వును తానే మ్రింగుకొనెను. దాదాపు మూడు గంటల పిమ్మట ఆ తూటా లెక్క ఆ దొరకే ఒప్పజెప్పబడినప్పుడు మాత్రము ఈలలు, కేకలు, కాగితపు ముక్కల వాన! మా ప్రక్కనున్న వృద్ధుడు “చెల్లు” అని ఒక్కమాట అనెను. బాకీ తీరినప్పుడు షావుకారు అనెడి మాట అది.

ఇట్టి చెల్లువేతలు తెరపై క్రొత్తవి కావు. 2009లో టారంటీనో అను అమెరికా దర్శకుడు ‘ఇన్‌గ్లోరియస్ బాస్టర్డ్స్’ అను చిత్రములో హిట్లరును పారిసు నగరమున ఒక సినిమాహాలులో తూటాలతో తూట్లు పొడిపించెను. నిజమునకు హిట్లరు 1945 ఏప్రిల్ 30న బెర్లినులో నేలమాళిగలో ఆత్మహత్య చేసికొన్నవాడు. ఆ యబద్ధమునకు మోసపోయిన ప్రేక్షకులు అరుదు. అబద్ధమని తెలిసి చూచుటలోనే దాని రుచి. 1940లో ‘ది గ్రేట్ డిక్టేటర్’ తీసి హిట్లరును నవ్వులపాలు చేసిన చార్లీ చాప్లినే, శిబిరములలో జరుగుచున్న ఘోరము నాడు తనకు తెలిసియుండినచో ఆ చిత్రమును తీయగలిగి యుండనని తరువాత ఆత్మకథలో వ్రాసికొనెను. చరిత్రతో ఆడుకొనుటకు ప్రేక్షకునికి చరిత్ర ముందు తెలిసియుండవలెను. హిట్లరు చావు బడిపిల్లలెరుగుదురు. అల్లూరి సీతారామరాజు, కొమరం భీముల చావు ఎందరెరుగుదురు?

రాజమౌళిగారు దాచినదేమియు లేదు. వీరిద్దరు ఎన్నడును కలిసికొనలేదనియు, కలిసియుండిన నెట్లుండెడిదో యను ఊహయే తన కథ యనియు 2019లోనే పత్రికలవారికి చెప్పిరి. అయినను 2020 అక్టోబరులో భీమును తురక టోపీతో చూపిన చిన్న తునక వెలువడగానే ఆదిలాబాదు ఆదివాసులు మండిపడిరి. ఆ జిల్లా పార్లమెంటు సభ్యుడును వారితో గొంతు కలిపెను. కథలో అది మారువేషమని తరువాత తెలిసినది. ఇంగ్లండులో ఒక చరిత్రాచార్యుడు, బ్రిటిషు అధికారులను కేవలము రాక్షసులుగా చూపుట చరిత్ర కాదని వారపత్రికలో వ్రాసెను. ఆయన మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని 1924 మే 7న కొయ్యూరులో చిక్కిన రామరాజును విచారణ యను మాట లేకయే కాల్చివేసిన సంగతి ఆయన పాఠకులలో ఎందరికి తెలియునో! అమెరికాలో జనులు హాలులో తెరముందుకు పోయి నాట్యమాడిరి; 2023 మార్చిలో ఆ పాటకు ఆస్కారు వచ్చినది. ఆ పాట చిత్రించిన కీవు నగరపు భవనము ముంగిట, చిత్రీకరణ జరిగిన కొన్ని నెలలకే నిజమైన యుద్ధము వచ్చిపడినది. అది వేరు కథ.

ఇక ఈ ఊరి సంగతికి వత్తము. మీరు కూర్చున్న సారపాక గోదావరికి ఈవలి గట్టు, ఆవల భద్రాద్రి. 1860లో నిజాము ఆవలి తాలూకాను ఇంగ్లీషువారికి వదలుకొనెను. నాటినుండి స్వాతంత్ర్యము వచ్చువరకు ఈ నది రెండు ప్రభుత్వములకు సరిహద్దు. ఆవలి గట్టున తెల్లవారి అడవి చట్టము. ఈవలి గట్టున నిజాము అడవి జవాను. ఆవల రేకపల్లి సీమలో 1879లో పోడుపన్ను పెంచినందుకు జనము తిరుగబడినది. రామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలపై బడి తుపాకులు కైకొన్నది ఆవలి ప్రభుత్వముపైన. భీము 1940లో జోడేఘాటు గుట్టలలో నేలకొరిగినది ఈవలి ప్రభుత్వపు తూటాలకు. ఇంగ్లీషువారిపై పోరాడినవాడొకడు, నిజాముపై పోరాడినవాడొకడు. చిత్రములో నిజాము పక్షపువాడు ఢిల్లీకి వచ్చి దొరకు హెచ్చరిక చెప్పిపోవు దూత మాత్రమే! ఇద్దరు వీరుల శత్రువు ఒక్క తెల్లదొరయే యైనాడు. టోపీకి అలిగినవారు దీని కలుగలేదు. భీము తల కేమి పెట్టిరో చూచిరి గాని, ఆయన ఎదుటినుండి ఎవరిని తొలగించిరో చూడలేదు. భీమును చంపిన ప్రభుత్వము ఈ ఒడ్డుననే యుండెడిదని ఇచటి కుఱ్ఱవాండ్రకును తెలియకున్న, ఆ ఊహ యిక ఊహగా నిలువదు, చరిత్రగా నిలుచును.

రామరాజును పోలీసు ఉడుపులో చూపినందుకు మా మిత్రులు కొందరు కోపించిరి. మాకంత కోపము రాలేదు. ఠాణాలో ఎన్ని తుపాకులు తీసికొన్నదియు వ్రాసి సంతకముచేసి పోయినవానికి ఏ ఉడుపు తొడిగినను ఆయనకు వచ్చిన లోపము లేదు. గాము గంటందొర, మల్లుదొర సోదరులకు తెరపై చోటు లేకపోవుటయే మాకు బాధ కలిగించినది. ఆ మల్లుదొర ఏండ్లకొలది చెరలో మగ్గి, బయటపడి, 1952 ఎన్నికలలో విశాఖపట్టణమునుండి లోకసభకు ఎన్నికయ్యెను. ఇంతటి ముగింపును ఏ కథకుడైనను ఊహింపగలిగెనా?

మాతో చిత్రము చూచినవారిలో ఒక కోయ ఉపాధ్యాయుడుండిరి. విజయానంతరము రామరాజు ‘నీకేమి కావలెన’ని అడుగగా, భీము తన జనమునకు చదువు కావలెననును. ఆ ఘట్టమున మా ఉపాధ్యాయుడు లేచి బయటికి పోయిరి. తరువాత టీకొట్టువద్ద అడిగితిమి. “అయ్యా, నేను పాతికేండ్లుగ చదువే చెప్తున్న. చదువు మీద నాకేం కోపం? మావాళ్లు అడిగింది భూమి. చదువు రానోడు గనుక చదువు అడిగిండని తీసిన్రు” అనిరి. భీము చాందా పట్టణమున ఒక అచ్చుకూటములో పనిచేయుచు చదువను వ్రాయను నేర్చెనని ఆయన కథ చెప్పువారు చెప్పుదురు. ఆ కథ విన్నవారికి తెరమీది భీము చేతులు చాచుట చూచుటకు కష్టముగనే యుండును. చిత్రము చివర జెండాపై జల్, జంగల్, జమీన్ అను మూడు మాటలు కనబడును, నిజమే. కాని నోట అడిగించినది వేరు. ఆ జమీను కొరకైన పోడు పట్టాల పంపకము ఆసిఫాబాదులో ఆరంభమైనది 2023 జూన్ 30న, భీము పోయిన 83 ఏండ్లకు.

ఇట్లనినంతమాత్రమున ఆ ఉపాధ్యాయుని కొడుకు సంతోషమును మేము తక్కువచేయజాలము. పదునాలుగేండ్లవాడు. గోండువాడు కథానాయకుడై పులితో కలియబడుట చూచి బెంచీ దిగి గంతులు వేసెను. అల్లాణి శ్రీధరుగారు 1990లో తీసిన ‘కొమరం భీం’ చిత్రము హాళ్లకు వచ్చుటకు 2010 వరకు కాచుకొనవలసివచ్చినది. ఆ చిత్రము చూచితివా యని వానిని అడిగితిమి. పేరు వినలేదనెను. చివరి యుద్ధములో రామరాజు విల్లంబులతో కాషాయము దాల్చి నిలిచినప్పుడు మా వెనుకనున్న యాత్రికులు కొందరు చేతులు జోడించిరి; భద్రాద్రిలో అది వింతగాదు. కుఱ్ఱవాడు మాత్రము భీము ఎచటనున్నాడని తెరమీద వెదకుచుండెను.

ఆట ముగిసినపిమ్మట ముగ్గురము వంతెనమీదుగా సారపాకకు నడచి వచ్చితిమి. నడుమ నిలిచి, ఒకప్పుడీ నీటికి ఆవల ఒక ప్రభుత్వము, ఈవల మరియొక ప్రభుత్వము ఉండెడివని మేము వానికి చెప్పితిమి. వాడు రెండు గట్టులను చూచి, “అయితే రామరాజు అటువైపు, భీము ఇటువైపు. మరి సినిమాల ఇద్దరు ఒకే వంతెనకు వేలాడుతరు గద?” అనెను. వాని తండ్రి నవ్విరి. తన తాత ఏ గట్టున పన్ను కట్టెనో వాడు తరువాత అడిగెను, తండ్రికి తెలియలేదు.

అందుచేత నాటి రెండు ప్రభుత్వముల సరిహద్దులను చూపు పటమొకటి ఈ పఠనాలయపు గోడకు తగిలింపుడని మీ కార్యదర్శిగారిని వేడుకొంటిమి. గోడకు చెమ్మ పట్టినదనియు, మేకు నిలువదనియు వారు చెప్పిరి. పటము మేము తెచ్చియే యుంటిమి, బల్లపైననున్నది, చూడవచ్చును.