తుపాను ఏడాదిని ఏ లెక్కలో తీసెయ్యాలి, ఏ లెక్కలో ఉంచాలి?



పంటల బీమా మాటొస్తే డబ్బు పడిందా లేదా అని అడుగుతాం గానీ, ఎన్ని బస్తాల మీద లెక్క కట్టారని అడగం. ఈ రోజు ఆ లెక్కే చూద్దాం.

ఒక ఊళ్లో వరుసగా ఏడు సార్వాల్లో ఎకరాకి 28, 30, 27, 29, 30, 8, 26 బస్తాలు పండాయనుకుందాం. 8 బస్తాలొచ్చింది తుపాను ఏడాది. ఏడూ కలిపి భాగిస్తే సగటు 25.4 బస్తాలు. ఆ ఒక్క ఏడాదే సగటునంతా కిందికి లాగేసింది. ప్రధానమంత్రి ఫసల్ బీమా నిబంధనల ప్రకారం ఏడేళ్లలో మెరుగైన ఐదింటినే తీసుకోవాలి. అలా కడితే సగటు 28.8. పూచీ 80 శాతం అయితే హామీ దిగుబడి మొదటి లెక్కలో 20.3 బస్తాలు, రెండో లెక్కలో 23. ఈ ఏడాది ఊరి సగటు 21 బస్తాలకి పడిపోతే, మొదటి లెక్కలో మనకి పైసా రాదు. రెండో లెక్కలో బీమా మొత్తంలో నూటికి దాదాపు 9 రూపాయలు వస్తాయి. చేను అదే, ముంపు అదే. మారింది లెక్క ఒక్కటే.

ఇక బీమా నిధిలో ఎంత డబ్బుండాలన్నది వేరే లెక్క. అందులో చెడ్డ ఏడాదిని కొట్టెయ్యకూడదు. 1996 నవంబరు 6 రాత్రి మన కొబ్బరితోటలు ఏమయ్యాయో మనకి తెలుసు. ఏడేళ్ల కాగితాలు తిరగేస్తే అలాంటి రాత్రి కనబడకపోవచ్చు. మంచి ఏళ్ల సగటు చూసి నిధి కడితే, అసలు అవసరమైన రోజున అది ఖాళీ. అలాగని తుపాను మర్నాడే ప్రీమియం పెంచెయ్యడమూ తప్పే. పెద్ద నష్టాన్ని పక్కకి తీసి, దాని భారాన్ని ఎన్నో ఏళ్ల మీద పరచి, ఏటా కొంత కలపడం బీమా గణకులు పాటించే పద్ధతి. ఇంటి కప్పు మార్చడానికి మనం ఏటా కొంత దాచుకున్నట్టే. సార్వా వరికి రైతు వాటా 2 శాతం, దాళ్వాకి ఒకటిన్నర. ఆ పైన ప్రభుత్వాలు కట్టేదీ ప్రజల సొమ్మే.

ఒక్క హెచ్చరిక. మెరుగైన ఐదేళ్ల పద్ధతి రెండు చెడ్డ ఏళ్లనే తట్టుకుంటుంది. మూడో సార్వా కూడా మునిగితే అది సగటులో కూర్చుంటుంది. తరచూ మునిగే పల్లపు చేలకి హామీ దిగుబడి అలా కరిగిపోతూ ఉంటుంది. 2011లో మనం సార్వాకి పంట విరామం ప్రకటించిన కారణాల్లో ముంపు కూడా ఉందని మరవద్దు.

అందుకని మూడు పనులు చేద్దాం. మన ఊరి ఏడేళ్ల దిగుబడులు, పూచీ శాతం, హామీ దిగుబడి రాసిమ్మని వ్యవసాయ శాఖని అడుగుదాం. పంట కోత ప్రయోగం జరిగే రోజున కౌలు రైతులతో సహా అందరం చేలో ఉందాం. మురుగు కాలువలు తవ్వించే వరకూ వదలొద్దు. నీరు బయటికి పోని చేనుని ఏ సగటూ కాపాడలేదు.