ఓటు ఇచ్చిన గొంతు: పార్లమెంటరీ దౌత్యం, పాతబస్తీ
(షోయబుల్లా ఖాన్ స్మారకోపన్యాసం)



1948 ఆగస్టు 21న హైదరాబాద్ నిజాం సర్కారు ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి తంతి పంపింది. భారతదేశంతో తనకున్న వివాదాన్ని విచారించమని కోరింది. ఆ రాత్రే 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ పత్రిక పని ముగించుకుని కాచిగూడ ప్రాంతంలో ఇంటిదారి పట్టాడు. దుండగులు కాపుకాసి కాల్చారు, చెయ్యి నరికారు. తెల్లవారేసరికి ఆయన ప్రాణం పోయింది. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా లేవు. నిజాంకు అండగా నిలిచిన రజాకార్ల దౌర్జన్యాన్ని ఉర్దూ పాఠకుల ముందే ఎండగట్టాడు. హైదరాబాద్ భారత యూనియన్‌లో చేరాలంటూ ఏడుగురు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను ధైర్యంగా అచ్చువేశాడు. ఆయన చేసిన నేరం అదే.

ఆయన పేరు మీద పార్లమెంటరీ దౌత్యం గురించి మాట్లాడమని అడిగినప్పుడు, ఈ రెండు సంగతుల తారీఖూ ఒకటేనన్న విషయం నన్ను వదల్లేదు.

సెప్టెంబరు 16న మండలి పారిస్‌లో సమావేశమైంది. హైదరాబాద్ తరఫున మొయిన్ నవాజ్ జంగ్, భారత్ తరఫున రామస్వామి ముదలియార్ హాజరయ్యారు. అంశాన్ని ఎజెండాలో చేర్చడానికి అనుకూలంగా ఎనిమిది ఓట్లు పడ్డాయి. మూడు దేశాలు తటస్థంగా ఉన్నాయి. అప్పటికే 'పోలీసు చర్య' పేరిట భారత సైన్యం హైదరాబాద్‌లోకి వచ్చింది. మరునాడు నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. వారం తిరగకుండానే నిజాం తన ఫిర్యాదును ఉపసంహరించుకున్నాడు. జంగ్‌గారికి చదువుకీ వాదనాపటిమకీ కొదవ లేదు. ఆయన వెనక ఓటేసి పంపిన జనమే లేరు. భిన్నంగా రాసిన సంపాదకుడి ప్రాణం కాపాడలేని సర్కారు పరాయి దేశంలో నిలబడి న్యాయం అడిగితే ఆ మాటకు బరువెక్కడిది?

ఈ తీర్పు ఒక్క పక్షానికే చెప్పి ఊరుకుంటే అన్యాయం. పోలీసు చర్య తర్వాత ముస్లింల మీద సాగిన హింసపై పండిట్ సుందర్‌లాల్ బృందం తిరిగి, విచారించి నివేదిక ఇచ్చింది. దాన్ని ఢిల్లీ దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. సొంత ఇంట్లో జరిగినదాన్ని దాచుకున్న ప్రభుత్వం మానవ హక్కుల గురించి బయట ఎంత బాగా మాట్లాడినా వినేవాళ్లకు అనుమానం మిగిలే ఉంటుంది.

పార్లమెంటరీ దౌత్యం, అంటే వేర్వేరు దేశాల పార్లమెంటు సభ్యులు మాట్లాడుకోవడం, కొత్తేమీ కాదు. క్రీమర్ అనే బ్రిటిష్ కార్మిక నాయకుడు, పాసీ అనే ఫ్రెంచి శాంతివాది కలిసి 1889లోనే అంతర్ పార్లమెంటరీ యూనియన్‌ను పుట్టించారు. చెరసాలల పాలైన చట్టసభల సభ్యుల కోసం ఆ సంస్థలో 1976 నుంచి ప్రత్యేక కమిటీయే పనిచేస్తోంది. మన ప్రాంతంలోనూ సార్క్ స్పీకర్ల, పార్లమెంటేరియన్ల సంఘం 1992లో ఏర్పడింది. 2014 తర్వాత సార్క్ శిఖరాగ్ర సమావేశమే జరగలేదు గనుక దాని సంగతి వేరే చెప్పక్కర్లేదు. పొరుగు దేశాల ఎంపీలు ఒకరి ముఖం ఒకరు చూసుకోని ఉపఖండంలో భద్రత భారమంతా సైన్యాల మీదే పడుతుంది.

మనవాళ్లు గర్వించదగ్గ ఘట్టం 1994 నాటిది. కశ్మీర్‌లో హక్కుల ఉల్లంఘనపై జెనీవాలోని ఐరాస మానవ హక్కుల కమిషన్‌లో పాకిస్తాన్ తీర్మానం పెట్టింది. అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు మన బృందానికి నాయకుడిగా ప్రతిపక్ష నేత వాజ్‌పేయిని పంపారు. వెంట సల్మాన్ ఖుర్షీద్, ఫరూక్ అబ్దుల్లా వెళ్లారు. జబ్బుతో ఉన్న విదేశాంగమంత్రి దినేశ్ సింగ్ ప్రధాని లేఖ పట్టుకుని టెహ్రాన్ వెళ్లారు. ఇరాన్, చైనా నచ్చజెప్పాక మార్చిలో పాకిస్తాన్ ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది.

వాజ్‌పేయిని పంపడం పి.వి. చాకచక్యం అని అందరూ చెబుతారు. అంతకుముందే జరిగిన పని సంగతి ఎవరూ చెప్పరు. 1993 అక్టోబరులో జాతీయ మానవ హక్కుల కమిషన్ ఏర్పడింది. 1994 ఫిబ్రవరి 22న జమ్మూ కశ్మీర్‌పై పార్లమెంటు ఏకగ్రీవంగా తీర్మానించింది. అంటే జెనీవాలో మాట్లాడినవాళ్ల చేతిలో సభ తీర్మానం ఉంది, ఇంట్లో ఒక వ్యవస్థ ఉంది. ఆ కమిషన్ కోరలు లేనిదన్న విమర్శలో నిజముంది. అయినా అది లేకుండా జెనీవాలో నెగ్గుకురావడం చాలా కష్టమయ్యేది. టాడా అనే ఉగ్రవాద నిరోధక చట్టం కింద వేలమందిని నిర్బంధించిన రోజులవి. ఆ చట్టాన్ని 1995లో పొడిగించకుండా వదిలేశారు.

ఇక 2025. పహల్గాంలో ఉగ్రవాదుల దారుణం, దానికి జవాబుగా పాకిస్తాన్‌పై సాగిన ఆపరేషన్ సిందూర్ తర్వాత ఏడు అఖిలపక్ష బృందాలు వివిధ దేశాలకు వెళ్లాయి. తెలుగువాళ్లలో పురందేశ్వరి యూరప్‌కు, లావు శ్రీకృష్ణదేవరాయలు ఈజిప్టు, ఖతార్ వైపు, హరీశ్ బాలయోగి అమెరికా వైపు వెళ్లారు. మన హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ బైజయంత్ పండా నాయకత్వంలో బహ్రెయిన్, కువైట్, సౌదీ, అల్జీరియాలకు వెళ్లారు. అప్పుడు అల్జీరియాకు భద్రతా మండలిలో సభ్యత్వం ఉంది. పాకిస్తాన్‌ను మళ్లీ ఉగ్రవాద నిధులపై కన్నేసే ఎఫ్.ఎ.టి.ఎఫ్. సంస్థ గ్రే లిస్టులో పెట్టాలని ఒవైసీ అక్కడ వాదించారు. ముస్లింలు మెజారిటీగా ఉన్న దేశాల్లో ఒక భారత ముస్లిం ప్రతినిధి, మతం పేరిట హత్యలు మతం కావని చెప్పడం వేరు, అదే మాట రాయబారి చెప్పడం వేరు.

అయితే ఆ ఏప్రిల్‌లోనే ఇదే సభ్యుడు వక్ఫ్ సవరణ బిల్లు ప్రతిని లోక్‌సభలో చించాడు. జూలైలో సిందూర్‌పై చర్చలో లేచి, పాకిస్తాన్‌తో క్రికెట్ ఎలా ఆడతారని ప్రభుత్వాన్ని నిలదీశాడు. ఆయన రాజకీయాలతో నాకు అనేక పేచీలున్నాయి. కానీ ఇంట్లో ప్రభుత్వాన్ని ఎదిరించే హక్కున్న మనిషి కాబట్టే బయట దేశం తరఫున ఆయన మాట నమ్మశక్యమైంది. ఇంట్లో నోరు నొక్కిన ప్రతినిధిని బయటికి పంపితే అతను వట్టి గుమాస్తా.

ఈ దౌత్యానికి ఉన్న పరిమితినీ ఒప్పుకోవాలి. మన బృందం రియాద్‌లో చర్చలు జరిపి నాలుగు నెలలు తిరగకుండానే, సెప్టెంబరు 17న, సౌదీ అరేబియా పాకిస్తాన్‌తో పరస్పర రక్షణ ఒప్పందం చేసుకుంది. ఒక్క పర్యటనతో దేశాల ప్రయోజనాలు మారవు. అలాగే 2007 మేలో జరిగిన మక్కా మసీదు పేలుడు కేసులో పట్టుకుపోయి హింసించిన యువకులకు ప్రభుత్వమే తర్వాత పరిహారం, ప్రవర్తన ధ్రువపత్రాలు ఇచ్చింది. ఆ సంగతి ఇక్కడ ఏ గల్లీలో అడిగినా చెబుతారు. విదేశాల్లో మన ప్రజాస్వామ్యాన్ని పొగిడే ప్రతి ప్రతినిధి వెనకా ఈ ఫైళ్లు నీడలా నడుస్తుంటాయి.

బహ్రెయిన్, కువైట్, సౌదీ. పాతబస్తీకి ఇవి మ్యాపు మీది పేర్లు కావు. బార్కాస్‌లో హద్రమౌత్ నుంచి వచ్చిన సిపాయిల వంశాలున్నాయి. చాంద్రాయణగుట్ట నుంచి యాకుత్‌పురా దాకా ఇంటికొక మనిషి ఖాడీలో, అంటే గల్ఫ్‌లో, ఉన్న వీధులున్నాయి. కఫీల్ (యజమాని) పాస్‌పోర్టు గుంజుకున్నాడనీ, అకామా (నివాస అనుమతి) రెన్యువల్ కాలేదనీ, కల్లివెల్లి అయి (పత్రాలు లేకుండా పారిపోయి) దాక్కున్నాడనీ, ఖద్దామాగా (ఇంటి పనిమనిషిగా) పోయిన చెల్లెలు ఫోన్ ఎత్తడం లేదనీ అర్జీలు పట్టుకుని వచ్చేవాళ్లు ఇక్కడి నాయకుల గుమ్మాల దగ్గర ఏనాడూ తక్కువ లేరు. పదో తరగతి పాస్ కాని కార్మికుడికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమయ్యే దేశాలు పద్దెనిమిది. అందులో ఈ మూడూ ఉన్నాయి. 2024 జూన్‌లో కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికుల వసతి భవనం అంటుకుని నలభైమందికి పైగా భారతీయులు చనిపోయారు. భద్రత అంటే సరిహద్దుకే పరిమితమా? మనవాడు పడుకున్న గదికి అత్యవసర ద్వారం ఉందా లేదా అన్నది కూడా భద్రతే, మానవ హక్కే.

2025 నవంబరులో మదీనా దారిలో ఉమ్రా యాత్రికుల బస్సు తగలబడి నలభైమందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు మన నగరంవాళ్లు. తెలంగాణ ప్రభుత్వం మంత్రి అజహరుద్దీన్‌ను, ఒక మజ్లిస్ (ఎం.ఐ.ఎం.) ఎమ్మెల్యేను, ఒక అధికారిని సౌదీ పంపింది. అధికారపక్షం, మరో పక్షం కలిసి వెళ్లి అంత్యక్రియల ఏర్పాట్లు చూశాయి. రాజ్యాంగం ప్రకారం విదేశాంగం కేంద్రం పని. అయినా చావు ఇంట్లో చెయ్యి పట్టుకోవడానికి ఓటేసిన ప్రతినిధే రావాలని జనం కోరుకుంటారు. అందులో తప్పేమీ లేదు.

కాబట్టి నేను అడిగేది మూడు పనులు. విదేశాలకు వెళ్లివచ్చిన ప్రతి ఎంపీల బృందం ఎవరిని కలిసింది, ఏమి అడిగింది, ఏ జవాబు వచ్చింది, లిఖితపూర్వకంగా సభ ముందు ఉంచాలి. గల్ఫ్‌కు వెళ్లే ప్రతి బృందం ఎజెండాలో ఉగ్రవాదం పక్కనే జీతం బకాయిలు, పాస్‌పోర్టులు, జైళ్లలో మగ్గుతున్నవాళ్ల జాబితా ఉండాలి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం స్థానంలో కార్మికుడి పక్షం వహించే కొత్త చట్టం రావాలి.

ఇవి ఢిల్లీ తనంతట తాను చేయదు. ఈ సభలో ఉన్న మీలో చాలామంది ఇళ్ల నుంచి ఎవరో ఒకరు ఖాడీలో ఉన్నారు. ఈసారి మీ ఎంపీ, మీ ఎమ్మెల్యే గల్లీకి వచ్చినప్పుడు నాలా గురించీ నల్లా గురించీ అడగండి. దానితోపాటు రియాద్‌లో మా మనుషుల కోసం ఏమి మాట్లాడావని కూడా అడగండి.