పిల్లితో సంక్రాంతికి ఊరెళ్తున్నారా?

హైదరాబాద్ నుంచి విజయవాడకి సుమారు 275 కిలోమీటర్లు, ఈసారి కారులో పిల్లి కూడా ఉంది. దాని క్యారియర్ (టిఫిన్‌ది కాదు బాబూ!) బయల్దేరే రోజే అటక మీంచి దించారా, పిల్లి మంచం కిందే. వారం ముందే హాల్లో తలుపు తీసి పెట్టేయండి. రోజూ పడుకునే పాత దుప్పటే అందులో పరవండి, ఆ వాసనే దానికి ధైర్యం. తిండి కూడా అక్కడే. బయల్దేరే ముందు మూడు నాలుగు గంటలు మాత్రం తిండి వద్దు, నీళ్లు ఓకే.

దారిలో ఎంత అరిచినా జాలిపడి ఒళ్లోకి తీసుకోకండి. సూర్యాపేటలో టీకి డోర్ తీయగానే దూకేస్తుంది, హైవే అది!

ఇది సీరియస్: కుక్కలా నోరు తెరిచి రొప్పుతుంటే మామూలు విషయం కాదు. ఏసీ పెంచి, వెంటనే పశువుల డాక్టర్‌కి ఫోన్ కొట్టండి. మన పారాసిటమాల్ మాత్రం వేయొద్దు. పిల్లికి అది విషం, ఒక్క మాత్రతోనే ప్రాణం పోవచ్చు.